బాలల ధర్మాసనమును నెలకొల్పిన వైద్యుడు: యానుష్ కోర్చాకు జీవితము



వార్షిక మహాసభ సందర్భమున వెలువడు సంచికలయందు స్వకులమున బుట్టి వాసికెక్కినవారి చరిత్రములను ప్రకటించుట పరిపాటి. నేను వ్రాయబూనినది మన కులమువాని కథ గాదు. మన దేశమువాని కథయు గాదు. పోలండు దేశమున యూదుల కుటుంబములో జన్మించి, యూదుల సంఘ మొకటి నెలకొల్పిన అనాథ శరణాలయమునకు ముప్పది సంవత్సరములు పెద్దదిక్కుగా నుండి, 1942వ సంవత్సరమున ఆ శరణాలయములోని బాలబాలికలతో గూడ ప్రాణములు గోల్పోయిన యొక వైద్యుని కథ. ఐనను ఇది మనకు కేవలము పరాయిది గాదు. చందాలు వసూలు చేసి, కలిగినవారి యొద్ద విరాళములు దెచ్చి, తమవారి బిడ్డలకొరకు వసతిగృహములు నడుపు సంఘముల కన్నిటికిని గలిగెడి చిక్కులే ఆయనకును గలిగినవి. కూడు, గుడ్డ, చదువు ఇచ్చితిమి గదా, బిడ్డలు ఇంకను కోరవలసిన దేమున్నదని దాతలకు తోచుట సహజము. ఈ తలంపునకు ఆయన తన గృహముననే సమాధానము చూపెను. ఆ సమాధానమును మన పోషకుల యెదుట నుంచుటయే నా యుద్దేశము.

ఆయనకు తలిదండ్రు లిడిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. జన్మస్థానము వార్సా నగరము. జన్మదినము జులై 22. సంవత్సరము మాత్రము 1878 యని కొందరును, 1879 యని కొందరును చెప్పుదురు. తండ్రి న్యాయవాదియై యుండియు కుమారుని పుట్టుకను సకాలమున లెక్కలో వ్రాయింపకపోవుటచే ఈ సందేహ మేర్పడినది. ఆ కాలమున పోలండునకు స్వాతంత్ర్యము లేదు. వార్సా రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. బడిలో బోధన యంతయు రష్యను భాషలో; మాతృభాషలో మాటాడిన శిక్ష. ఒకనాడు తోటి బాలు నొకనిని పట్టి బెత్తముతో కొట్టుచుండగా చూచి యీయన భయమున వణకిపోయెను. ఆ దృశ్యము వృద్ధాప్యము వరకును ఆయనను విడువలేదు.

ఐదేండ్ల వయసున జరిగిన మరియొక సంగతిని గూడ ఆయన పలుమారు తలచుకొనెడివాడు. ఇంట పెంచుకొన్న చిన్న పాటపిట్ట చనిపోయెను. దానిని పెరటిలో పాతి, పైన సిలువ నాటబోవుచుండగా, ఆ భవనపు కావలివాని కుమారుడు వచ్చి, ఆ పిట్టయు యూదులదే కావున దానికి సిలువ తగదని తీర్పు చెప్పెనట. తాను యూదుడనని ఆ పసివానికి తెలిసినది ఆ దినముననే. ఇట్టి కథకు మన దేశమున వ్యాఖ్యాన మక్కరలేదు.

బాల్యము ముగియకముందే తండ్రికి మతి చలించెను. వైద్యశాలలకు ధనమంతయు వ్యయమై, 1896లో ఆయన మరణించునాటికి ఇల్లు గుల్లయయ్యెను. హెన్రిక్ చదువుకొనుచునే ఇతరుల బిడ్డలకు చదువు చెప్పి కుటుంబమునకు ఆధారమాయెను. 1898లో నొక నాటకరచనా పోటీకి వ్రాత పంపుచు, క్రషెవ్‌స్కీ యను నవలాకారుని గ్రంథములోని కథానాయకుని పేరును తనకు మారుపేరుగ దీసికొనెను. అదియే యానుష్ కోర్చాకు. లోకమున నిలిచిన పేరు ఇదియే.

వైద్యవిద్యను ముగించి 1905లో పట్టము పొందిన వెంటనే రష్యా జపాను యుద్ధమునకు సైనిక వైద్యుడుగా పోవలసివచ్చెను. తిరిగివచ్చి వార్సాలో యూదుల బాలుర వైద్యశాలయందు 1912 వరకు పనిచేసెను. ధనవంతులయొద్ద గట్టి రుసుము గ్రహించుచు, బీదల యిండ్లకు ఉచితముగ పోయెడివాడు. రచయితగా నప్పటికే పేరుండెను. పెద్దయిండ్ల వారు వైద్యముకంటె ఆయన సంభాషణ కొరకే కబురు పంపుచుండిరని చెప్పుదురు. ఈ వైభవ మంతయు విడిచిపెట్టుటకు కారణము వేసవి శిబిరములు. 1907, 1908 సంవత్సరములలో వార్సా యిరుకు సందులలోని బీద బాలురను పల్లెకు దీసికొనిపోవు పనికి ఆయన పూనుకొనెను. బాలురను గూర్చి తనకంతయు తెలియునని పోయిన యీ రచయిత వారి నదుపు చేయలేక అరచెను, బెదరించెను. బెదరింపులు ముగిసిన పిమ్మట గాని ఆయనకు కనువిప్పు కాలేదు. బాలురకు చెప్పుట వేరు, బాలురతో మాటాడుట వేరు. అడవిలో వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని, ఏమి చేయుదమని వారినే యడిగిననాడు ఆయన నిజమైన ఉపాధ్యాయత్వము మొదలయ్యెను.

అనాథ సహాయ సంఘ మను యూదుల ధర్మసంఘ మొకటి వార్సాలో నుండెను. దాని శరణాలయమును నడుపుచున్న యువతి స్టెఫానియా విల్చిన్‌స్కా. ఆమెయు కోర్చాకును కలిసి, సంఘపు దాతల సాయమున, క్రోఖ్మల్నా వీధిలో 92వ నంబరు స్థలమున నూతన భవనమును నిర్మింపజేసిరి. 1912 అక్టోబరులో నూరుమందికి పైగా బాలబాలికలు అందు ప్రవేశించిరి. విద్యుద్దీపములు, వేడినీరు, ఎత్తైన కిటికీలు గల భోజనశాల. ఆనాటి వార్సాలో బీదలు కలలోనైన నెరుగని సౌకర్యములు. కోర్చాకు వైద్యశాల యుద్యోగమును వదలి ఆ యింటి పైకప్పు క్రింది చిన్నగదిలో కాపురముండెను. వివాహమాడలేదు. స్టెఫానియాను గూర్చి లోకము తక్కువగ చెప్పుకొనును గాని, వంటశాల నుండి పక్కబట్టల వరకు ఆ గృహము నిలిచినది ఆమె చేతులమీదనే. ఆయన యుద్ధమునకు పోయిన నాలుగేండ్లు ఆమె యొక్కతెయే దానిని నడపెను.

ఇంత చక్కని యిల్లు గట్టియిచ్చినచో బిడ్డలు చేతులు జోడించి కృతజ్ఞత తెలుపుదురని దాతలు మాత్రమే గాదు, కోర్చాకు గూడ నమ్మెను. జరిగినది వేరు. మొదటి సంవత్సరమంత దుర్దినములు ఆయన జీవితమున బహు తక్కువ. తాము పుట్టిపెరిగిన వీధులనుండి తెచ్చి, గంటకొట్టిన లేచుట, గంటకొట్టిన తినుట నేర్పబోవగా ఆ బిడ్డలు కట్టుగట్టుకొని యెదిరించిరి. ఆయన నొచ్చుకొనెను. పిమ్మట నాలోచించెను. ఈ యింట నియమములు ఎవరు చేసిరి? పెద్దలు. ఎవరు తప్పుచేసిరో తేల్చువారెవరు? పెద్దలు. శిక్ష విధించువారును, దయదలచి విడిచిపుచ్చువారును పెద్దలే. దయ మంచిదే గాని, యజమానుని మనసు మారినచో అదియు మారును. బలముగలవాని యనుగ్రహముపై బ్రతుకువాడు అన్నము దినుచున్నను స్వతంత్రుడు గాడు. ఈ తలంపునుండియే బాలల ధర్మాసనము పుట్టినది.

దీని వివరమును కొంత విపులముగ చెప్పవలెను. ఆ గృహమున నెవరికి నష్టము గలిగినను, అవమానము గలిగినను, ఎదుటివాని పేరు ఫలకముపై వ్రాసి అభియోగము తేవచ్చును. వారమునకొకసారి ధర్మాసనము కూడును. న్యాయాధిపతులు ఐదుగురు, అందరును బాలురే, బాలికలే. ఆ వారమున తమపై నే యభియోగమును లేనివారిలోనుండి చీట్లు వేసి వారిని ఎన్నుకొనుచుండిరి. పెద్దవారిలో నొకరు లేఖకుడుగా నుండి వాంగ్మూలములు వ్రాసికొనును గాని తీర్పున ఆయనకు వోటు లేదు. తీర్పు కొరకు కోర్చాకు స్వయముగ నొక స్మృతిని రచించెను. దాని విచిత్ర మేమన, మొదటి 99 విధులును క్షమించుటకును, విడిచిపెట్టుటకును ఏర్పడినవే. తెలియక చేసినాడని యొకటి, పశ్చాత్తాపపడుచున్నాడని యొకటి, మరల చేయడని నమ్ముచున్నామని యొకటి. నూరవ విధితో గాని దోషనిర్ణయము లేదు. అక్కడనుండి నూరు నూరుగా పెరిగి, తప్పు చేసినాడనుట, పేరు పత్రికలో వేయుట, బంధువులకు తెలుపుట మొదలగు మెట్లు దాటి, వేయవ విధి గృహమునుండి వెడలగొట్టుట. దెబ్బలు, పస్తులు, చీకటిగది వీని మాట ఆ స్మృతిలో నెక్కడను లేదు. బలవంతుడు బలహీనుని, గడుసువాడు మెత్తనివానిని పీడింపకుండ కాపాడుట ధర్మాసనపు ప్రథమ కర్తవ్యమని పీఠికలో చెప్పబడినది.

బిడ్డలు దీనిని వెంటనే నెత్తిన పెట్టుకొనలేదు. పంతముతో పనికిమాలిన వ్యాజ్యములు పదుల కొలది వేసిరి. తీర్పులను చూచి నవ్విరి. గడుసువారు న్యాయాధిపతులను బెదరించిరి. కోర్చాకు కొంతకాలము ధర్మాసనమును మూసివేసెను. పిమ్మట లోపములు సవరించి తెరచెను. ఆ సవరణలలో ముఖ్యమైనది, ఉపాధ్యాయులపై గూడ బాలలు అభియోగము తేగలుగుట. మాటవరుస కేర్పరచిన హక్కు గాదిది. ఆరు మాసముల కాలమున కోర్చాకు ఐదుసారులు తన్ను తానే ధర్మాసనమునకు అప్పగించుకొనెను. ఒక బాలుని చెవి మెలిపెట్టినందులకు, ఒక అల్లరివానిని పడకగదినుండి గెంటివేసినందులకు, ఒకనిని మూల నిలబెట్టినందులకు, ఒక న్యాయాధిపతిని అవమానించినందులకు, ఒక బాలికపై దొంగతనము శంకించినందులకు. ఐదింటను క్షమావిధుల క్రిందనే తీర్పు వచ్చెను. ఉపాధ్యాయుడుగా తన చదువునకు ఈ కొలది వ్యాజ్యములే పునాదియని ఆయన తరువాత వ్రాసికొనెను. మన వసతిగృహములలోను నియమావళి గోడపై వ్రేలాడుచుండును. అది విద్యార్థులకే గాని, పర్యవేక్షకునకు వర్తించునని యెవరైన తలచిరా?

ధర్మాసనముతోబాటు 20 మంది ప్రతినిధులు గల శాసనసభ యేర్పడెను. నాలుగు వోట్లు సంపాదించిన వారెల్ల సభ్యులు. పెద్ద పెద్ద తీర్మానములే గాక వేడుకలును ఈ సభ చేతిలో నుండెను. తొలి మంచు కురిసిన దినము సెలవు. డిసెంబరు 22 పగలు చిన్నది గావున ఆనాడు ఇష్టము వచ్చినంతసేపు నిద్రపోవచ్చును. ఇల్లు తుడుచుట, పాత్రలు కడుగుట మొదలగు పనులు వంతుల ప్రకారము బిడ్డలే చేయుచుండిరి. గోడకొక ఉత్తరముల పెట్టె. చెప్పనోరాడనివారు వ్రాసి వేయవచ్చును. వారమున కొకమారు గృహపత్రికను అందరియెదుట చదువుట గలదు. పోయిన వస్తువులకొక అద్దపు బీరువా. తెగిన పూసయైనను, తుప్పుపట్టిన మేకైనను అందుంచవలసినదే. అల్పవస్తువుపై బాలునికి గల స్వామ్యమును గౌరవింపనివాడు రేపు పెద్దల స్వామ్యమును గౌరవింపుమని వానికెట్లు చెప్పగలడని కోర్చాకు భావము.

ఆ పద్ధతులన్నియు నాకు సమ్మతములని చెప్పజాలను. కొత్తగ వచ్చిన బాలుని గూర్చి కొన్నాళ్లకు తక్కినవారందరును వోట్లు వేసి, వానిని సహచరుడనియో, భారమనియో నిర్ణయించెడి ఆచార మొకటి యుండెను. తలిదండ్రులు లేని పసివానికి తోడివారు భారమని ముద్రవేయుట ఎంత గాయము! వాని నొక పెద్దపిల్ల సంరక్షణలో నుంచెడివారు, మరల వోటు కోరు అవకాశమును ఉండెడిది, ఐనను మనసొప్పదు. పదునాలుగేండ్లు నిండినవెంటనే ఆ న్యాయమైన లోకమును విడిచి అన్యాయమైన లోకమున పడవలసివచ్చుటయు చిన్నకష్టము గాదు.

మొదటి మహాయుద్ధమున ఆయన మరల రష్యా సైన్యమున వైద్యుడాయెను. ఫిరంగుల మ్రోతల నడుమ, యుద్ధభూమి వైద్యశాలలలో కూర్చుండి, బాలుని ప్రేమించు విధమును గూర్చి తన ప్రధానగ్రంథమును వ్రాసెను. కీవు నగరమున మారియా ఫాల్‌స్కా యను నామెతో పరిచయమై, పోలండు స్వతంత్రమైన పిమ్మట 1919లో ఆమెతో గలసి పోలిష్ కార్మికుల బిడ్డలకొరకు మరియొక గృహమును నెలకొల్పెను. అక్కడను ఈ పద్ధతులే. యూదుల గృహమును కొందరు పోలిష్ పక్షపాతియనిరి; కొందరు యూదుల కోటయనిరి. రెండు నిందలును ఆయన మోసెను. 1920లో సైన్యసేవనుండి విషజ్వరముతో వచ్చిన కుమారునకు ఉపచారము చేసి, అదే జ్వరము సోకి ఆయన తల్లి మరణించెను. ఈ దుఃఖము ఆయనకు కడవరకు తీరలేదు.

కొలది కాలమునకు మాచుష్ రాజు కథను ప్రకటించెను. తండ్రి మరణింపగా సింహాసన మెక్కిన బాలుడొకడు, బాలలకు శాసనసభ నిచ్చును, రాజ్యము నప్పగించును. వారు పెద్దలను బడికి పంపి తాము ఉద్యోగములు చేయబోవుదురు. రైళ్లు ఢీకొనును, రాజ్యము శత్రువుల పాలగును. బాలలకు హక్కు లడిగినవాడే ఇట్టి కథ వ్రాయుట కొందరికి వింతగ తోచెను. ఇందు వింత లేదు. ఒక్కనాటి ప్రకటనతో ప్రజాప్రభుత్వము రాదనియు, అది దినదినము చిన్నపనులలో అభ్యసింపవలసిన విద్యయనియు ఆయనకు క్రోఖ్మల్నా వీధిలోనే తెలిసినది.

1926లో బాలలే వ్రాసి, బాలలే నడుపు పత్రికను స్థాపించెను. వార్సాలోని యొక యూదుల దినపత్రికకు అనుబంధముగ ప్రతి శుక్రవారము వెలువడిన దాని పేరునకు చిన్న సమీక్షయని యర్థము. దేశము నలుమూలలనుండి బాలురు ఇంటి సంగతులు, బడి సంగతులు, వీధిలో తమపై రాళ్లు రువ్విన సంగతులు వ్రాసి పంపుచుండిరి. ముద్రింపబడిన వ్రాతకు ప్రతిఫలము గూడ నిచ్చెడివారు. పదమూడేండ్లు సాగి, 1939 సెప్టెంబరు 1న, జర్మను విమానములు పోలండుపై బాంబులు వేసిననాడు, దాని తుది సంచిక వెలువడెను.

1924లో నానాజాతి సమితి జెనీవా నగరమున బాలల హక్కుల ప్రకటనమును అంగీకరించెను. లోకమంతయు మెచ్చుకొనగా కోర్చాకు తృప్తిపడలేదు. అందున్నది పెద్దలు చేయవలసిన ఉపకారముల పట్టికయే గాని, బాలుడు అధికారముతో అడుగగల హక్కు లెక్కడనని ఆయన విమర్శ. బాలుని గౌరవార్హతను గూర్చిన చిన్న గ్రంథమునందు ఈ వాదమునే విస్తరించెను. బాలుడు రేపు మనుష్యుడు గాబోవువాడు గాదు, నేడే మనుష్యుడు. ఇదియే దాని సారము. ఆయన గతించిన ముప్పదియారేండ్లకు, 1978లో, బాలల హక్కులకు ఒడంబడిక యుండవలెనని ఐక్యరాజ్యసమితి యెదుట ప్రతిపాదించినది పోలండు దేశమే. 1989 నవంబరు 20న సమితి దాని నామోదించెను. తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పుకొను హక్కు బాలలకు గలదని అందు 12వ అధికరణము. 1992 డిసెంబరులో మన దేశమును అందు చేరినది.

1934 చివర పోలిష్ రేడియోలో ముసలివైద్యుడను పేరుతో ఆయన ప్రసంగము లారంభించెను. పేరు చెప్పకుండుటకు కారణము యూదుడగుటయే. పిల్లలును పెద్దలును ఆ కంఠమునకై కాచుకొని వినుచుండినను, యూదద్వేషము ముదిరి 1936లో ఆ ప్రసంగములు నిలిచిపోయెను.

జర్మనులు వార్సాను ఆక్రమించి, 1940లో యూదులనందరిని గోడలు కట్టిన యొక వాడలోనికి తరిమిరి. శరణాలయమును గూడ క్రోఖ్మల్నా వీధినుండి వెడలగొట్టిరి. తరలిపోవుచుండగా బిడ్డల బంగాళాదుంపల బండిని పట్టుకొనిరి. కోర్చాకు జర్మను అధికారులయొద్దకు పోయి బండి నిమ్మని యడిగెను. యూదులు ధరింపవలసిన చేతిపట్టీ ఆయన ధరింపలేదు. కొన్ని వారములు చెరసాలలో నుంచి విడిచిపెట్టిరి. అరువదియేండ్లు దాటి, కాళ్లు వాచి, దినదినము ఇంటింటికి తిరిగి ఇన్నూరుమంది బిడ్డలకు ధాన్యము, దుంపలు యాచించి తెచ్చుచుండెను. ఆకలితో వీధులలో శవములు పడియున్న ఆ వాడలోను శరణాలయమున చదువు సాగుచునే యుండెను, ధర్మాసనము కూడుచునే యుండెను.

1942 జులై 18న ఆ బిడ్డలు ఒక నాటకమాడిరి. అది మన రవీంద్రనాథ ఠాకూరు రచించిన డాక్‌ఘర్. రోగియై గదిలో బందీయైన అమల్ అను బాలుడు కిటికీనుండి లోకమును చూచుచు, రాజుగారి ఉత్తరమునకై యెదురుచూచు కథ. బిడ్డలు మరణమును భయములేక యెదుర్కొనుటకై ఆయన ఈ నాటకము నెన్నుకొనెనని చెప్పుదురు. అంతకు పూర్వ సంవత్సరమే ఠాకూరు గతించెను. నాటకమైన నాలుగవదినమున, జులై 22న, వార్సా యూదులను ట్రెబ్లింకా మారణస్థలమునకు తరలించుట ఆరంభమయ్యెను.

తప్పించుకొనుమని పోలిష్ మిత్రులు మార్గములు చూపిరి. ఆయన అంగీకరింపలేదు. రాత్రులు దినచర్య వ్రాసికొనుచుండెను; ఆ పుటలు యుద్ధానంతరము అచ్చుపడినవి. ఆగస్టు తొలివారమున సైనికులు శరణాలయమునకు వచ్చిరి. ఇన్నూరుమంది వరకు బిడ్డలు వరుసలు దీర్చి బయలుదేరిరి. ముందు కోర్చాకు, మరియొక గుంపుతో స్టెఫానియా, తక్కిన ఉపాధ్యాయులు. రైలుపెట్టెలవరకు వారు నడచిన తీరును చూచినవారు ఎన్నడును మరువలేకపోయిరి. తిరిగివచ్చినవారు లేరు.

క్రోఖ్మల్నా వీధి భవనము నేటికిని నిలిచియున్నది. ట్రెబ్లింకాలో చనిపోయినవారి గుర్తుగ వేలకొలది రాళ్లు పాతినారు. వానిపై చెక్కినవి ఊళ్ల పేర్లు. ఒక్క రాతిపై మాత్రము మనుష్యుని పేరున్నది: యానుష్ కోర్చాకు, ఆయన బిడ్డలును.